‘దేవుడు చెప్పాడు’ అనడానికీ ‘మాకు తోచింది’ అనడానికీ మధ్య

డిసెంబరు 31 రాత్రి పదకొండు దాటేసరికి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఏ చర్చి చూసినా నిండిపోయి ఉంటుంది. హైదరాబాదుకి పనికెళ్లిన కొడుకు సెలవు పెట్టుకుని వస్తాడు. పలాసలో జీడిపిక్కల పని చేసే అమ్మ పిల్లల్ని వెంటేసుకుని వస్తుంది. పన్నెండుకి ప్రార్థన, ఆ వెంటనే శుభాకాంక్షలు, కేకు. తర్వాత అందరూ ఎదురుచూసే ఘట్టం వస్తుంది. పళ్లెంలో బోర్లించి పెట్టిన వాగ్దాన కార్డుల్లోంచి ఒక్కొక్కరూ ఒకటి తీసుకుంటారు. ఇంటికెళ్లాక అది బీరువా అద్దానికి అతుక్కుంటుంది, లేదా బైబిల్లో చేరుతుంది. ఆ ఏడాది దేవుడు తమతో మాట్లాడిన మాట అదేనని చాలామంది గట్టిగా నమ్ముతారు.

ఆ కార్డుల్లో ఎక్కువగా కనబడే వచనాల్లో యిర్మీయా 29:11 ఒకటి. ‘నేను మిమ్మునుగూర్చి ఉద్దేశించిన సంగతులను నేనెరుగుదును’ అని మొదలయ్యే మాట. అది వచ్చినవాళ్లు కొడుక్కి ఉద్యోగం ఖాయమనో, ఆగిపోయిన సంబంధం కుదురుతుందనో, కోర్టులో ఉన్న భూమి చేతికొస్తుందనో అనుకుంటారు. కార్డులో హెచ్చరిక వచనం దాదాపు రాదు. ‘మారుమనస్సు పొందుడి’ అని అచ్చువేస్తే ఆ కార్డులు ఎవరు కొంటారు?

వాక్యాన్ని ప్రేమించేవాళ్ల ఆచారం కాబట్టి దీన్ని ఎగతాళి చేయాల్సిన పని లేదు. కానీ అదే అధ్యాయాన్ని ఇంకో ఐదారు వచనాలు వెనక్కెళ్లి చదివితే కథ మారిపోతుంది. అది యిర్మీయా యెరూషలేము నుంచి బబులోనులో చెరలో ఉన్నవారికి రాసిన ఉత్తరం. త్వరలోనే ఇంటికెళ్లిపోతారని అక్కడ కొందరు ప్రవక్తలు చెబుతున్నారు. జనానికి వినసొంపుగా ఉన్నది ఆ మాటే. యిర్మీయా మాత్రం డెబ్బై ఏళ్లు పడుతుందని రాశాడు. అంటే ఉత్తరం చదివిన పెద్దవాళ్లలో చాలామంది ఆ మేలు కళ్లతో చూడరు. మరి వాళ్లేం చేయాలి? ఐదో వచనం నుంచి ఏడు దాకా ఉంది: ఇళ్లు కట్టుకోవాలి, తోటలు నాటాలి, వాటి ఫలాలు తినాలి. పిల్లలకు పెళ్లిళ్లు చేయాలి. తమను చెరపట్టిన పట్టణం క్షేమం కోసం ప్రార్థన చేయాలి. వాళ్లకు దొరికిన నడిపింపు ఇదే.

శ్రీకాకుళం జిల్లా తీరంలోని ఉద్దానంలో ఉన్నవాళ్లకు ఆ ‘తోటలు నాటి’ అనే మాట వేరేగా వినబడుతుంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు కొబ్బరితోటలు, జీడితోటలు నేలకొరిగిపోయాయి. తాతలనాటి చెట్లు. కొబ్బరిమొక్క నాటితే కాపుకి ఐదారేళ్లయినా ఆగాలి. అలాంటప్పుడు ‘దేవా, నీ చిత్తమేమిటి?’ అని అడిగిన రైతుకి నిజంగా తేల్చుకోవలసినది ఒకటే: మళ్లీ నాటాలా, అమ్మేసి పట్నం పోవాలా? పదకొండో వచనం ఒక్కటే చేతిలో ఉంటే దీనికి జవాబు రాదు, ధైర్యం వస్తుందేమో. ఐదో వచనంతో కలిపి చదివితే కనీసం ఆలోచనకు ఒక దారి దొరుకుతుంది. దేవుని మేలు మీద నమ్మకం ఉన్న మనిషి ఇరవై ఏళ్ల తర్వాత ఫలమిచ్చే పనికి కూడా గొయ్యి తవ్వగలడు. ఇంటి పరిస్థితిని బట్టి అమ్ముకుని వెళ్లిపోయినా దేవుడికి దూరమైనట్టు కాదు.

అసలు చిక్కు ‘చిత్తం’ అనే మాటలోనే ఉంది. బైబిలు ఆ మాటను వాడే తీరు చూస్తే, మనుషుల దగ్గర దాచిపెట్టిన పథకం కంటే మనుషులు చేయవలసిన పనే ఎక్కువగా కనబడుతుంది. 1 థెస్సలొనీక 4:3 పరిశుద్ధంగా ఉండటం దేవుని చిత్తమంటుంది. అదే పత్రిక 5:18 ప్రతి విషయంలోనూ కృతజ్ఞత చెప్పడం దేవుని చిత్తమంటుంది. వీటికి కార్డు తీయక్కర్లేదు, ఉపవాసముండి కనుక్కోవలసిన రహస్యమూ లేదు. రహస్యాలు దేవుడికి చెందుతాయి, బయలుపరచినవి మనవి అని ద్వితీయోపదేశకాండము 29:29 ఎప్పుడో గీత గీసింది. శుక్రవారం ఉపవాస ప్రార్థనలో ‘దేవుడేటి సెప్పాడయ్యగారూ?’ అని అడిగేవాళ్లలో చాలామంది అడుగుతున్నది ఆ గీత అవతలి సంగతి. తమ్ముడి వాటా తమ్ముడికివ్వాలా వద్దా అన్నది గీత ఇవతలి సంగతి. దాన్ని ప్రార్థనలో పెట్టేవాళ్లు తక్కువ.

గుర్తులు అడగడం ఈ ప్రాంతపు మనిషికి కొత్త కాదు. సోది చెప్పించుకోవడం, ముహూర్తం చూపించుకోవడం, బల్లి పడితే శాస్త్రం చూసుకోవడం చుట్టూ ఉన్నవే. వాటిని విడిచిపెట్టి వచ్చామనుకున్నవాళ్లు కళ్లు మూసుకుని బైబిలు తెరిచి వేలు పెట్టినప్పుడు, పుస్తకం మారింది గానీ అలవాటు మారలేదేమోనన్న అనుమానం వస్తుంది. ఇది పాత అనుమానమే. 386లో మిలాన్‌లో ఒక తోటలో ‘తీసి చదువు’ అన్న పిల్లవాడి గొంతు విని, పౌలు పత్రిక తెరిచి, కంటబడిన వచనంతో మారిపోయినవాడు, తర్వాత పెద్ద క్రైస్తవ గురువైన అగస్టీన్. అలాంటి అగస్టీన్ కూడా తర్వాత రాసిన ఒక ఉత్తరంలో, సువార్త పుటలు తెరిచి లోక వ్యవహారాలకు జవాబు వెతకడం తనకు నచ్చదని చెప్పాడు. దయ్యాలను అడగడం కంటే ఇది నయమేనని కూడా ఒప్పుకున్నాడు. సగం కోపం, సగం జాలి.

గిద్యోను గొర్రెబొచ్చు సంగతి తరచూ వినబడుతుంది. రాత్రి పరిచిన బొచ్చు మీదే మంచు పడి, చుట్టూ నేల పొడిగా ఉంటే దేవుని మాట నమ్ముతానని అతను అడిగిన గుర్తు అది. ‘రేపు సాయంత్రంలోపు ఫోను వస్తే అది దేవుని చిత్తం’ అని షరతు పెట్టుకునేవాళ్లకు అదే ఆధారం. న్యాయాధిపతులు 6 నిదానంగా చదివితే, గిద్యోనుకి చేయవలసిన పని అంతకుముందే స్పష్టంగా చెప్పబడింది. అది అతనికీ తెలుసు. ‘నీవు సెలవిచ్చినట్లు’ అంటూనే బొచ్చు పరిచాడు. తెలియక అడగలేదు, భయపడి అడిగాడు. దేవుడు ఆ భయాన్ని ఓర్చుకున్నాడు. అది ఓర్పు కథ. దాన్ని అందరికీ పద్ధతిగా తీసుకోమని ఆ అధ్యాయం ఎక్కడా చెప్పదు.

చీట్లు వేసిన సందర్భాలు కూడా బైబిల్లో ఉన్నాయి. చివరిది అపొస్తలుల కార్యములు 1లో, యూదా స్థానంలో మత్తీయను ఎన్నుకున్నప్పుడు. అప్పుడు కూడా ముందు అర్హతలు చూసుకున్నారు, ఇద్దరిని నిలబెట్టారు, ప్రార్థన చేశారు, ఆ తర్వాతే చీట్లు. రెండో అధ్యాయంలో పరిశుద్ధాత్మ వచ్చాక సంఘం చీట్లు వేసిన దాఖలా కొత్త నిబంధనలో మళ్లీ లేదు. చరిత్రలో మాత్రం ఆగలేదు. తర్వాత మెథడిస్టు ఉద్యమానికి నాయకుడైన జాన్ వెస్లీ 1737 మార్చిలో అమెరికాలోని జార్జియాలో సోఫీ హాప్కీ అనే అమ్మాయిని పెళ్లాడాలా వద్దా తేలక మూడు చీట్లు రాయించాడు: పెళ్లి చేసుకో, ఈ ఏడాది దాని గురించి ఆలోచించకు, ఇక ఎప్పుడూ ఆలోచించకు. మూడోది వచ్చింది. వారం తిరగ్గానే ఆమె వేరొకరిని పెళ్లాడింది. ఆ తర్వాత వెస్లీ ఆమెకు ప్రభురాత్రి భోజనం ఇవ్వనన్నాడు, కేసు పడింది, ఆ ఏడాది చివర్లో జార్జియా విడిచి వెళ్లిపోయాడు. చీటీ జవాబు చెప్పింది గానీ గుండె ఒప్పుకోలేదన్నమాట. వెస్లీ ఎవరి దగ్గర ఆ అలవాటు చూశాడో ఆ మొరేవియన్లు (ఒక ప్రొటెస్టెంటు సంఘం వాళ్లు) కూడా 1818 సభలో మామూలు సభ్యుల పెళ్లిళ్లకు చీట్లు వేసే నియమాన్ని ఎత్తేశారు.

‘తలుపు తెరుచుకుంది’ అనే మాట ఇంతకంటే జాగ్రత్తగా చూడవలసింది. ఈ రెండు జిల్లాల నుంచి గల్ఫుకీ, చెన్నైకీ, గుజరాత్‌లోని వెరావల్ చేపల బోట్ల మీదకీ వలస వెళ్లేవాళ్లు చాలామంది. ఏజెంటు ఫోన్ చేసి వీసా వచ్చిందంటాడు. డబ్బు ఎలాగో సర్దుబాటవుతుంది. ‘దేవుడే తలుపు తీశాడు’ అని సాక్ష్యం కూడా చెప్పేస్తారు. యోనాకీ అలాగే తెరుచుకుంది. దేవుడు నీనెవెకి వెళ్లమంటే తర్షీషుకి పారిపోదామని యొప్పేకి వెళ్లాడు. రేవులో సరిగ్గా తర్షీషుకి పోయే ఓడే ఉంది, ఎక్కడానికి చోటుంది, కేవు (ఓడ ఛార్జీ) ఇవ్వడానికి డబ్బూ ఉంది. ఇన్ని కలిసివచ్చిన ప్రయాణం తప్పుదారిలో జరిగింది. దావీదు దాక్కున్న గుహలోకే, అతన్ని చంపాలని వెంటాడుతున్న సౌలు రాజు ఒంటరిగా వచ్చినప్పుడు, దేవుడు శత్రువును నీ చేతికప్పగించాడని పక్కనున్నవాళ్లు అన్నారు. దావీదు వస్త్రపు చెంగు కోసి ఊరుకున్నాడు. అది కూడా చేసి ఉండాల్సింది కాదని మనసు నొచ్చుకున్నాడు. అవకాశం వచ్చిందన్న కారణంతో తప్పు ఒప్పయిపోదని అతనికి తెలుసు.

తలుపు తెరుచుకుందో లేదో తేల్చుకునే పనిలో కళ్లు తెరిచి చూడటం కూడా ఒక భాగం. గల్ఫు పనికైతే ఆ ఏజెంటుకి కేంద్ర ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఉందో లేదో ఈ-మైగ్రేట్ పోర్టల్లో చూడవచ్చు. అది విజిట్ వీసానా, పని వీసానా అని చదివినవాళ్లతో చదివించుకోవచ్చు. బయల్దేరే ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోమని యేసే అన్నాడు, గోపురం కట్టేవాడి పోలికతో, లూకా 14లో. పోర్టల్ చూడటం అవిశ్వాసమని ఎవరైనా అంటే ఆ పోలిక చూపించవచ్చు.

నడిపింపు పేరుతో ఎక్కువ నష్టం జరిగేది ఇంకొకరి నోటి నుంచి వచ్చే ‘దేవుడు నాకు చెప్పాడు’తో. 1 రాజులు 13లో యూదా నుంచి వచ్చిన దైవజనుడికి అన్నం తినకుండా, నీళ్లు తాగకుండా తిరిగి వెళ్లమని ఆజ్ఞ ఉంది. దారిలో ఒక ముసలి ప్రవక్త కలిసి, దేవదూత నాతో మాట్లాడాడు, మా ఇంటికి రా అన్నాడు. అబద్ధం. ఆ మాట నమ్మి భోజనానికి కూర్చున్న దైవజనుణ్ణి తిరుగుదారిలో సింహం చంపింది. అబద్ధమాడినవాడు తెల్లజుట్టు ప్రవక్త, చెప్పింది దేవదూత పేరుతో. ఆ అధ్యాయం మీద ప్రసంగాలు ఎందుకు తక్కువో ఊహించడం కష్టం కాదు.

అందుకే 1 కొరింథీయులకు 14:29లో ప్రవక్తలు ఇద్దరో ముగ్గురో మాట్లాడితే తక్కినవాళ్లు వివేచించాలని పౌలు నియమం పెట్టాడు. ప్రవచనాన్ని నిర్లక్ష్యం చేయొద్దన్న 1 థెస్సలొనీక 5 వెంటనే ‘సమస్తమును పరీక్షించి మేలైనదానిని చేపట్టుడి’ అంటుంది. వేదిక మీంచి మైకులో వచ్చిన మాటను పరీక్షించేది ఎవరు? చెప్పినాయన మర్నాడు ఇంకో ఊళ్లో ఉంటాడు. మాట నెరవేరకపోతే అడగడానికి అడ్రసుండదు. ‘నీకు విశ్వాసం చాల్లేదు’ అన్న నింద మాత్రం విన్నవాళ్ల దగ్గరే మిగిలిపోతుంది.

ఉద్దానంలో ఇది ప్రాణాలతో చెలగాటం. కిడ్నీ జబ్బు ఇంటింటి కథగా మారిన ఊళ్లున్నాయి. వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్‌కి తిరిగే మనిషికి ‘దేవుడు నిన్ను ముట్టాడు, ఇక ఆసుపత్రి అక్కర్లేదు’ అని ఎవరైనా చెబితే, అది నిజమో కాదో తేలేసరికే ఆలస్యమైపోతుంది. హిజ్కియా రాజుకి పదిహేనేళ్ల ఆయుష్షు ఇస్తానని దేవుడే యెషయా ద్వారా చెప్పాడు. అంత నేరుగా వచ్చిన మాట తర్వాత కూడా అదే యెషయా అంజూరపు పండ్ల ముద్ద పుండుకి కట్టమన్నాడు. వాగ్దానం వచ్చిందని వైద్యం ఆపలేదు. స్వస్థత నిజమైతే డాక్టరు రిపోర్టులో కూడా కనబడుతుంది కదా, అందాకా సూది మానడం ఎందుకు?

ఇక ‘నాకు సమాధానం ఉంది’, అంటే మనశ్శాంతి ఉంది, అనే కొలమానం. మనసు నెమ్మదిగా ఉంటే దేవుడు ఒప్పుకున్నట్టు, టెన్షన్‌గా ఉంటే వద్దన్నట్టు. వినడానికి బాగుంటుంది. కానీ దేవుడి మాట తప్పించుకుని పారిపోతున్న యోనా తుఫానులో ఓడ అడుగున గాఢనిద్ర పోయాడు. దేవుడి చిత్తానికి పూర్తిగా లోబడిన యేసు గెత్సేమనేలో ఆ రాత్రి చెమట రక్తబిందువుల్లా కారేంత వేదన పడ్డాడు. నిద్ర పట్టడాన్ని బట్టి తీర్పు చెబితే ఆ ఇద్దరి విషయంలోనూ తప్పు తీర్పే వస్తుంది. ‘క్రీస్తు అనుగ్రహించు సమాధానము’ ఏలనివ్వమన్న కొలొస్సయులకు 3:15 కూడా ఆ ముందు వచనాలతో కలిపి చదివితే, సంఘంలో ఒకరినొకరు సహించడం, క్షమించడం గురించిన మాట. ఒంటరిగా మంచం మీద పడుకుని కొలుచుకునే నెమ్మది గురించి కాదు.

మనసు కదలికలను పూర్తిగా పక్కన పెట్టాలని కాదు. కతోలిక సంప్రదాయంలో ఇగ్నేషియస్ లొయోలా దీని మీద ఎంతో ఓపికగా పని చేశాడు. 1521లో పంప్లోనా యుద్ధంలో కాలికి గుండు తగిలి మంచాన పడ్డప్పుడు అతను ఒకటి గమనించాడు. వీరగాథల్లాంటి పగటికలలు కన్నంతసేపూ బాగుండి, తర్వాత మనసు ఎండిపోయేది. పునీతుల జీవితాల గురించి ఆలోచించాక మాత్రం ఆ సంతోషం నిలిచేది. అంటే చూడవలసింది ఆ క్షణపు భావం కాదు, అది వెళ్లిపోయాక మిగిలేది. మనసు చీకటిగా ఉన్న రోజుల్లో అంతకుముందు చేసుకున్న తీర్మానాన్ని మార్చొద్దని అతని సలహా. మన పరిస్థితిలోనే ఉన్న ముక్కూమొహం తెలియని మనిషి వచ్చి అడిగితే ఏం చెబుతామో ఆలోచించమని ఇంకో సలహా. బాప్టిస్టులైనా లూథరన్లైనా దీన్ని వాడుకుంటే వచ్చే నష్టమేమీ లేదు.

ఇన్ని వద్దులు అయ్యాక, మరి ఎలా తెలుస్తుంది? అపొస్తలుల కార్యములు 15:28లో ఒక వాక్యముంది, తెలుగులో దాని అందమే వేరు: ‘పరిశుద్ధాత్మకును మాకును తోచెను.’ యూదులు కాని విశ్వాసులకు సున్నతి కావాలా వద్దా అన్న విషయంలో సంఘం చీలిపోయే పరిస్థితి వచ్చినప్పుడు యెరూషలేములో పెద్దలు కూర్చున్నారు. చాలా వాదన జరిగిందని లూకా దాచకుండా రాశాడు. పేతురు జరిగింది చెప్పాడు, పౌలు బర్నబాలు చెప్పారు, యాకోబు లేఖనం చూపించాడు. చివరికి ఉత్తరం రాశారు. అందులో ‘తోచెను’ అన్నారు. అది తెలుగువాడు రోజూ అనే మాట. ‘నాకలా తోచింది’ అన్నవాణ్ణి ఎందుకు తోచిందని అడగొచ్చు. ‘దేవుడు చెప్పాడు’ అన్నవాణ్ణి అడగలేం. అంతటి అపొస్తలులే అడగడానికి వీలున్న మాట వాడి, దాని పక్కనే పరిశుద్ధాత్మను కూర్చోబెట్టారు.

ఈ పద్ధతి మన దగ్గర లేనిదేమీ కాదు. శ్రీకాకుళం, బొబ్బిలి, టెక్కలి, పాలకొండ వైపు సంఘాలు చాలావరకు కెనడియన్ బాప్టిస్టు మిషన్ నాటినవి. బాప్టిస్టు పద్ధతిలో పాదిరిని పిలవడం, బాప్తిస్మానికి ఒకరిని ఒప్పుకోవడం లాంటివి సభ్యులంతా కూర్చుని ప్రార్థన చేసి తేల్చుకోవాలి. సంఘ కూటం అంటే అసలు ఉద్దేశం అందరూ కలిసి దేవుడి మాట వినడం. ఇప్పుడది చాలాచోట్ల లెక్కలు, పదవులు, పాత తగాదాల దగ్గరే ఆగిపోతోంది. కలిసి వినే చోటు పాడుబడేసరికి ఎవరికి వారు చెవి ఒగ్గి, ఎవరు గట్టిగా చెబితే వాళ్ల మాట వింటున్నారు.

ఇంట్లో ఇది ఎలా ఉంటుందంటే, ఒక సంబంధం వచ్చిందనుకోండి. అమ్మాయికి ఇష్టమో కాదో ముందు అడగాలి. విధవరాలి పెళ్లి గురించి రాస్తూ పౌలు ‘తనకిష్టమైనవానిని’ చేసుకోవచ్చన్నాడు, ‘ప్రభువునందు మాత్రమే’ అని ఒక్క గట్టు కట్టాడు. గట్టు లోపల చోటుంది. దేవుడు ఒక్క పేరే రాసిపెట్టాడనీ, అది కనుక్కోలేకపోతే జీవితం పాడైపోతుందనీ అక్కడ లేదు. తర్వాత అబ్బాయి గురించి అతని సంఘంలో, పనిచేసే చోట విచారించాలి. కట్నం మాట ఎత్తారా, తాగుతాడా, అమ్మతో ఎలా మాట్లాడతాడు? మొహమాటం లేకుండా చెప్పే పిన్నో పెద్దమ్మో ఒకరు ఆ గదిలో ఉండాలి. ‘దర్శనంలో ఈ అబ్బాయే కనబడ్డాడు’ అని చెప్పినాయనకి ఆ సంబంధం కుదిరితే ఏమైనా కలిసొస్తుందా అని కూడా చూడాలి. ఇవన్నీ చూసేసరికి కొన్ని వారాలు పడుతుంది. కూలిపోయిన యెరూషలేము గోడ గురించి నెహెమ్యా కిస్లేవు నెలలో ప్రార్థన మొదలుపెట్టి, రాజుతో నోరు విప్పింది నీసాను నెలలో, అంటే నాలుగు నెలలకి. అప్పటికి కలప దేనిదేనికి కావాలో, ఏ ఉత్తరాలు కావాలో కూడా అతని దగ్గర సిద్ధంగా ఉంది.

ఒక్కోసారి నడిపింపు తన భవిష్యత్తు గురించి అడగని మనిషికే దొరుకుతుంది. సోంపేటలో కెనడియన్ బాప్టిస్టు ఆసుపత్రిలో కంటి ఆపరేషన్లు చేసిన డాక్టర్ బెన్ గల్లిసన్ సెలవులో కెనడా వెళ్లినప్పుడు, చూపు పోయిన ఇక్కడివాళ్ల గురించి చెప్పేవాడు. ఆ మాటలు విన్న కాల్గరీ వ్యాపారి ఆర్ట్ జెంకిన్స్ 1963లో మొదలుపెట్టిన పనే ఆపరేషన్ ఐసైట్ సంస్థ అయింది. ఆయన చేతికి అందింది ఎదుటివాడి అవసరం, దాన్ని తీర్చడానికి తన దగ్గరున్న స్తోమతు. ఇలాంటి పిలుపు కార్డు మీద రాదు.

పౌలు ప్రయాణాల్లో కూడా ఇదే కలగాపులగం. అపొస్తలుల కార్యములు 16లో ఆసియ వైపు పోకుండా ఆత్మ ఆపాడు, బితూనియకు పోబోతే అక్కడా ఆపాడు. ఎందుకో చెప్పలేదు. త్రోయలో రాత్రి పౌలుకి దర్శనం వచ్చింది, మాసిదోనియ వాడొకడు నిలబడి సహాయం అడుగుతున్నట్టు. దర్శనం ఒక్కడికే వచ్చినా, తర్వాతి వచనంలో లూకా ‘మేము నిశ్చయించుకొని’ అని బహువచనంలో రాశాడు. పౌలు చెప్పాడు, మిగతావాళ్లు విన్నారు, అందరూ కలిసి ఒక అభిప్రాయానికి వచ్చి ఓడ ఎక్కారు. ఫిలిప్పీకి చేరితే దర్శనంలోని మగమనిషి జాడ లేదు. నది ఒడ్డున కొందరు ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. వాళ్లలో ఊదాపొడి అమ్మే లూదియ వింది. కొన్నాళ్లకే పౌలు సీలలను బట్టలు లాగి, బెత్తాలతో కొట్టి, చెరసాలలో వేసి, కాళ్లకు బొండ వేశారు. త్రోయలో తమకు తోచింది తప్పేమోనని ఆ రాత్రి వాళ్లు అనుకున్నట్టు లూకా రాయలేదు. మధ్యరాత్రి వేళ కీర్తనలు పాడుతున్నారనీ, మిగతా ఖైదీలు వింటున్నారనీ రాశాడు.